రూబీ గారు చూసిపెట్టిన చోటు

పెళ్ళి సంబంధాలు చూసిపెట్టేవాళ్ళు మా కొవ్వూరులో వీధికొకరు ఉన్నారు. ముసలివాళ్ళకి ఆశ్రమం చూసిపెట్టే మనిషి మాత్రం నాకు తెలిసి ఒక్కరే, మా పక్కింటి రూబీ గారు. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ఆ గోడ మీద నుంచి కూరలూ కబుర్లూ అటూ ఇటూ మారుతూ ఉంటాయి కాబట్టి ఆవిడ గురించి నాకు తెలియని సంగతులు తక్కువ. తెలిసినవాటిలో ఒకటి ఇప్పుడు చెప్తాను. వినడానికి అంత బాగుండదు.

రూబీ గారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ ఏడాదే భర్త సామ్యేలు గారికి పక్షవాతం వచ్చింది. ఒకవైపు పడిపోయింది, మాట పోయింది. నలుగురు మనుషులుండే మంచి చోట చేర్పిస్తే వేళకి పక్క మార్చి పడుకోబెడతారని ఆవిడకి తెలుసు. కానీ బంధువులూ చర్చి పెద్దలూ వచ్చి, నర్సు అయ్యుండి మొగుణ్ణి ఆశ్రమంలో పడేస్తావా అన్నారు. ఆవిడ ఆ మాటకి జడిసి ఆయన్ని ఇంట్లోనే ఉంచుకున్నారు. మోకాళ్ళ నొప్పులున్న ఆడమనిషి అంత భారీ మనిషిని ఎన్నిసార్లని తిప్పగలదు? వీపు పుండు పడింది. ఆ పుండుతోనే ఆయన పోయారు. చావుకి వచ్చినవాళ్ళంతా ఎంత బాగా చూసుకున్నావమ్మా అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు గుర్తొస్తే ఇప్పటికీ ఆవిడకి అన్నం సయించదు.

ఆ తరవాత నుంచి ఊళ్ళో ఎవరు మంచాన పడ్డారని తెలిసినా, పిలిచినా పిలవకపోయినా ఆవిడ వెళ్ళేవారు. ఇంట్లో ఉంచుకోవడమే ప్రేమ కాదు, బయట చేర్చడం పాపమూ కాదు, వేళకి ఎవరు పక్క మారుస్తారో అది చూసుకోండి అని మొహం మీదే చెప్పేవారు. మొదట్లో తిట్టుకున్నారు. తరవాత వాళ్ళే ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. రావులపాలెం నుంచి, తణుకు నుంచి కూడా చేసేవారు. మా అమ్మకి ఒక చోటు చూడాలండీ అని నసుగుతూ మొదలుపెట్టి, ఏడుస్తూ పెట్టేసేవాళ్ళే ఎక్కువ.

చోటు చూడడంలో ఆవిడ పద్ధతి ఆవిడది. చెప్పకుండా వెళ్తారు, అదీ భోజనాల వేళకి. ఆఫీసు గదిలో పూలకుండీలూ దాతల ఫొటోలూ చూపిస్తూ ఉంటే, అవి తరవాత చూస్తానండీ అని తిన్నగా బాత్రూములకేసి నడుస్తారు. అక్కడి ముసలివాళ్ళ కాలి గోళ్ళు చూస్తారు. ఒకసారి రాజమండ్రిలో పాలరాయి పరిచిన ఆశ్రమానికి నన్ను కూడా తీసుకెళ్ళారు. అక్కడ అందరూ దగ్గడానికి కూడా పర్మిషన్ అడిగేలా కూర్చుని ఉన్నారు. ఆవిడ మంచినీళ్ళు తాగి వచ్చేశారు. ఇంకోసారి రేకుల షెడ్డు లాంటి చోట, ఒక ఆయా ఒక ముసలమ్మని తిట్టిపోస్తూ తల దువ్వుతోంది. ఇది బాగుందండీ అన్నారు రూబీ గారు. నేను తెల్లబోయాను. చేసేవాళ్ళే తిడతారు, చేయనివాళ్ళు నవ్వుతూ ఉంటారని ఆవిడ లెక్క.

ఇన్ని ఆరాలు తీసే మనిషి ఒక్కటి మాత్రం ఎవర్నీ అడిగేవారు కాదు. అది మతం. పేరు వింటే తెలుస్తుంది కదా, మళ్ళీ అడగడమెందుకని. క్రైస్తవులైతే మా ఊరి మిషన్ ఆశ్రమంలో చేర్పించేవారు. హిందువులైతే గోదావరి అవతల ట్రస్టులు నడిపేవాటిలో చేర్పించేవారు. ఈ గీత ఆవిడ ఊరికే గీసుకోలేదు. చాలాకాలం క్రితం ఒక హిందూ పెద్దాయనకి ఎక్కడా ఖాళీ లేకపోతే మిషన్ ఆశ్రమంలో చేర్పించారు. ఆయన సాయంత్రం ప్రార్థనలో అందరితోపాటు చప్పట్లు కొడుతుంటే ఎవరో మేనల్లుడు చూశాడు. మర్నాడు మనుషుల్ని వేసుకొచ్చి రూబీ గారి గేటు ముందు నిలబడి, మతం మార్చే బ్రోకరని వీధంతా వినేలా అరిచాడు. ఆ మేనల్లుడు అంతకుముందు ఆయన్ని చూడడానికి వచ్చిన పాపాన పోలేదు. లోకులు కాకులు అంటారు, కాకులు నయం. రూబీ గారు చాలా రోజులు గుమ్మం దాటలేదు.

ఇక లోవమ్మ సంగతి. మా వీధిలో చేపలమ్మేది లోవమ్మ. నెత్తి మీద బేసినుతో వచ్చి, మా రెండు గేట్ల మధ్య కత్తిపీట వాల్చి కూర్చునేది. బేరమాడకుండా కొంటే ఆమెకి నచ్చేది కాదు, ఒంట్లో బాలేదా అమ్మా అని అడిగేది. శీలావతి అయితే పొలుసు గీకి, జెల్లలైతే బూడిదతో తోమి, గిన్నెలో వేసి ఇచ్చేది. రూబీ గారికి జెల్లలంటే ప్రాణం. గిన్నె పట్టుకుని ముందుగానే గేటు దగ్గర నిలబడేవారు.

ఆ లోవమ్మకి మతిమరుపు వచ్చింది. మొదట డబ్బులు తీసుకోకుండా వెళ్ళిపోయేది. తరవాత ఖాళీ బేసినుతో వచ్చి, లేని చేపలకి బేరం చెప్పేది. ఒకరోజు తెల్లారకముందే ఇంట్లోంచి వెళ్ళిపోయింది. గోదావరి మీద పెద్ద బ్రిడ్జి నడిమధ్యలో, లారీల మధ్య, నెత్తి మీద బేసినుతో నడుస్తూ కనపడింది. ఎవరో లారీ డ్రైవరు దిగి చెయ్యి పట్టుకుని ఆపాడు. రాజమండ్రి బజారుకి టైమైపోతోంది వదలమని ఆమె అతన్ని కొట్టింది.

కొడుకు చినబాబు పడవ మీద వలకి వెళ్తాడు. కోడలు లక్ష్మీదుర్గ తెల్లవారేసరికి రాజమండ్రి చేపల మార్కెట్లో ఉండాలి. ఇద్దరూ చెడ్డవాళ్ళు కాదు. వంతులేసుకుని కాపలా కాశారు, వల్ల కాలేదు. గదిలో పెట్టి గడియ వేస్తే, లోవమ్మ తలుపు మీద గుద్ది గుద్ది వేళ్ళు చితక్కొట్టుకుంది. ఆ వేళ్ళు చూశాక మొగుడూ పెళ్ళాం రూబీ గారి దగ్గరికి వచ్చారు. వాళ్ళకి కావలసింది ఒక్కటే, లోవమ్మ గోదాట్లో పడిపోకుండా, కట్టేసినట్టు కాకుండా బతికినన్నాళ్ళు బతకడం.

రూబీ గారు గట్టు మీద వాళ్ళింటికి వెళ్ళి చూసొచ్చారు. వచ్చి గోడ దగ్గర నిలబడి నాకు చెప్పారు. లోవమ్మ చాప మీద కూర్చుని ఉందట. ఆవిణ్ణి చూసి, గిన్నె తెచ్చుకోలేదేంటి నర్సమ్మగారూ అందట. అంతలోనే ఎవరమ్మా నువ్వు అని అడిగిందట. కొడుకుని కూడా పోల్చుకోలేదు. లక్ష్మీదుర్గ మార్కెట్ నుంచి అలాగే వచ్చి పక్కన కూర్చుంటే, మొహం చూడకుండా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసిందట. చూసి, ఇది మా కోడలండీ అని రూబీ గారికి చెప్పిందట. వాసనతో పోలుస్తోందండీ పాపం అని రూబీ గారు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజే చినబాబు ఒక మాట అడిగాడు. తల దించుకుని, తువ్వాలు నలుపుతూ అడిగాడట.

"మీ చర్చి వాళ్ళది ఇక్కడే ఉందంట కదండీ. అందులో మాయమ్మకి చోటివ్వరాండీ?"

"అక్కడ వద్దులే నాయనా. అవతల మంచిది చూస్తాను" అన్నారు రూబీ గారు.

ఎందుకు వద్దో ఆవిడ చెప్పలేదు. మీ వాళ్ళు రేపు నన్నూ అంటారు, నిన్నూ అంటారు అని ఆవిడ మనసులో ఉంది. చేపల వాళ్ళం కదా, మనల్ని చేర్చుకోరు కాబోలని అతని మనసులో పడింది. ఎందుకండీ అని అతను అడగలేదు. మా గోదావరి వాళ్ళకి మర్యాద ఎక్కువ అని అందరూ పొగుడుతారు. అడగాల్సిన మాట గొంతులో పెట్టుకుని, సరేనండీ అని లేచి రావడమే మా మర్యాద. చినబాబు సరేనండీ అన్నాడు.

రాజమండ్రి అవతల రూబీ గారు చూసిన ఆశ్రమం నిజంగా మంచిదే. గేటు గట్టిది, గట్టు దూరం. నర్సు ఉంది, గదులు గాలాడతాయి, బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. మేనేజరు వెంకటరాజు గారు ముసలివాళ్ళ పక్కన నేల మీద కూర్చుని మాట్లాడే మనిషి. భోజనం శాకాహారం. గేటు లోపలికి నీచు రాకూడదని నియమం. పప్పూ కూరా మజ్జిగా వేడిగా ఉన్నాయి, రూబీ గారు తిని చూశారు కూడా. ఈ వయసులో అరుగుదలకి అదే మంచిది అనుకున్నారు. గేటూ గోదావరీ తప్ప ఆ సమయానికి ఆవిడకి ఇంకేమీ కనపడలేదు.

కొన్నాళ్ళు లోవమ్మ బాగానే ఉంది. తరవాత కంచం ముందు పెడితే చెయ్యి పెట్టి వెతికేది. అన్నం మధ్యలో, పప్పు కింద వెతికి, ఏమీ దొరక్క కంచం తోసేసేది. చినబాబు టిఫిన్ క్యారియర్లో పులుసు తీసుకెళ్తే, వెంకటరాజు గారు గేటు దగ్గర ఆపి, నియమం ఉందండీ, ఏమీ అనుకోకండి అని రెండు చేతులూ జోడించారు. అంత పెద్దమనిషి చేతులు జోడిస్తే చినబాబు ఏమంటాడు? గేటు బయటే పులుసు కుక్కలకి పోసి వచ్చేశాడు.

లక్ష్మీదుర్గ మార్కెట్ అవగానే తిన్నగా ఆశ్రమానికి వెళ్ళేది. అత్త ఆమె చెయ్యి వాసన చూసుకుని, ఆ పిల్ల కలిపి పెడితే నాలుగు ముద్దలు తినేది. రోజు మొత్తానికి తిండి అదే. కానీ పక్క మంచాల వాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆఫీసులో ఫిర్యాదు చేశారు. వెంకటరాజు గారు చాలా ఇబ్బంది పడుతూ, కాస్త స్నానం చేసి రామ్మా అన్నారు. తప్పుమాట ఏమీ కాదు. ఆ పిల్లకి మాత్రం తల కొట్టేసినట్టయింది. మర్నాడు చేతులు నిమ్మకాయతో రుద్దుకుని, సబ్బుతో స్నానం చేసి, పౌడర్ రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది.

లోవమ్మ ఆ చెయ్యి అందుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది, వదిలేసింది. మా కోడలు రాలేదేంటమ్మా అని ఆమెనే అడిగింది. నేనే అత్తా అంటే నమ్మలేదు. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంది. మర్నాడూ అంతే. మా కోడల్ని రమ్మనమని చెప్పు తల్లీ అని బతిమాలింది. ఆ తరవాత ఎవరు పెట్టినా నోరు తెరవలేదు.

ఈ సంగతి రూబీ గారికి ఎవరూ చెప్పలేదు. నర్సమ్మగారు అంత ఎండలో తిరిగి చూసిపెట్టారు, బాలేదని ఎలా చెప్తామండీ అనుకున్నారు మొగుడూ పెళ్ళాం. మీ అత్త ఎలా ఉందని ఆవిడ అడిగితే బాగానే ఉందండీ అనేది లక్ష్మీదుర్గ. చివరికి వెంకటరాజు గారే ఫోన్ చేసి, ఆమె తినడం లేదండీ, మాకు భయంగా ఉంది అన్నారు. రూబీ గారు అప్పటికప్పుడు ఆటో ఎక్కారు. వెళ్ళి దుప్పటి తీసి చూశారు. లోవమ్మ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వీపు మీద పుండు లేదు, పక్క శుభ్రంగా ఉంది, కాలి గోళ్ళు నీటుగా తీసి ఉన్నాయి. ఆవిడ చూసే గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. మనిషి మాత్రం అయిపోతోంది.

ఆవిడ అక్కణ్ణుంచి బ్రిడ్జి దాటి తిన్నగా మా ఊరి మిషన్ ఆశ్రమానికి వచ్చారు. ఆఫీసులో ఎవరూ లేకపోతే వంటింటికి వెళ్ళి, ముసలి వంటవాడు ఎజ్రాని, మంచం ఏదైనా ఖాళీ ఉందా అని అడిగారు. లోవమ్మ అని, చేపలు అమ్ముకునే ఆవిడకి అని చెప్పారు. ఎజ్రా గరిటె కింద పెట్టాడు.

"మన లోవమ్మాండీ? ఇన్నేళ్ళూ ఈ వంటింటికి చేపలేసింది ఆవిడే కదండీ. ఇదిగో, ఈ రాయి మీదే కూర్చుని కోసేది. తీసుకురండమ్మా, వెతుక్కోకుండా తనే వచ్చి కూర్చుంటది."

రూబీ గారు ఆ రాయికేసి చూశారు. వంటింటి గుమ్మం పక్కన, నడుమ అరిగిపోయిన నల్లరాయి. చినబాబు ఆ చోటే ఎందుకు అడిగాడో అప్పుడు ఆవిడకి అర్థమైంది. మంచాలు కూడా ఖాళీగానే ఉన్నాయి. అతను అడిగిన రోజూ ఖాళీగానే ఉన్నాయని ఎజ్రా చెప్పాడు.

మర్నాడు లోవమ్మని ఆటోలో తీసుకొచ్చారు. లక్ష్మీదుర్గని స్నానం చెయ్యొద్దని రూబీ గారే చెప్పారు. మార్కెట్ నుంచి చేతికంటిన పొలుసుతో సహా వచ్చి, అత్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బ్రిడ్జి మీద గాలికి లోవమ్మ కళ్ళు తెరిచింది. ఆ చెయ్యి ముక్కు దగ్గరికి లాక్కుంది.

"వచ్చావా? ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావే?" అంది.

లక్ష్మీదుర్గ ఆటో దిగేదాకా ఏడుస్తూనే ఉంది. ఎజ్రా జెల్లల పులుసు కాచాడు. అన్నం గంజిలా మెత్తగా పిసికి, పులుసు కలిపి, చెంచాతో పట్టారు. లోవమ్మ ఆశగానే నోరు తెరిచింది. మింగడానికి గొంతు సాయం చేయలేదు. పొలమారి, పులుసంతా చీర మీద పడింది. డాక్టరు వచ్చి, ఇంక బలవంతపెట్టకండి, ఒళ్ళు తీసుకునే దశ దాటిపోయింది అన్నాడు. ముందే తెస్తే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వంటింటి పక్క వరండాలో మంచం వేశారు. కోడలి చెయ్యి మొహాన పెట్టుకుని లోవమ్మ అలా పడుకునే ఉండేది. ఆ వారం దాటలేదు.

గోదావరి ఒడ్డునే దహనం చేశారు. రూబీ గారూ నేనూ వెళ్ళి దూరంగా నిలబడ్డాం. వాళ్ళ బంధువులు నలుగురు మా ముందే నిలబడి, ఆఖరికి పోయి పోయి కిరస్తానం వాళ్ళ కొంపలో పోయింది, ఏం తాగించారో ఏంటో అనుకున్నారు. ఏ మాట రాకూడదని రూబీ గారు అంత దూరం వెళ్ళి చోటు చూశారో, సరిగ్గా ఆ మాటే. చినబాబూ విన్నాడు. చితి కాలుతూ ఉంటే ఆ నలుగురూ బీడీలు ముట్టించుకుని ఏదో వలల సంగతిలో పడిపోయారు. ఆ మాట బరువు అంతే. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కంటే, ఆ మాటకి జడిసిన మా అందరి మీదా మండింది.

కర్మకాండలు అయ్యాక ఒక పొద్దున్న లక్ష్మీదుర్గ అత్త బేసిను నెత్తిన పెట్టుకుని మా వీధిలోకి వచ్చింది. రెండు గేట్ల మధ్య, అత్త కూర్చునే చోటే కత్తిపీట వాల్చింది. రూబీ గారు గిన్నెతో వచ్చి నిలబడ్డారు. గోడకి ఇవతల నేను మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. ఆ పిల్ల జెల్లలు తోముతూ, తలెత్తకుండా చెప్పుకుపోతోంది. తప్పంతా తనదేనంది. వాళ్ళు ఏమన్నా అనుకోనీ, సబ్బు రుద్దుకోకుండా వెళ్ళాల్సిందంది.

"మా అత్తకి నన్ను లేకుండా చేసింది నేనేనండీ" అంది.

రూబీ గారు ఊరుకుంటే ఆ మాట అక్కడితో పోయేది. ఆవిడ ఊరుకోలేకపోయారు.

"నీది కాదమ్మా. మీ ఆయన అడిగిన రోజునే ఇక్కడ మంచం ఉంది. నేనే వద్దన్నాను."

లక్ష్మీదుర్గ చేతిలో చేప ఆగింది. "మమ్మల్ని చేర్చుకోరేమో అనుకున్నామండీ. మరెందుకు వద్దన్నారండీ?"

"మీ వాళ్ళు ఏమంటారోనని."

ఆ పిల్ల మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. తోమిన జెల్లలు కడిగి రూబీ గారి గిన్నెలో వేసింది. కత్తిపీట మడిచి బేసినులో పెట్టుకుంది.

"అనాల్సింది ఎలాగూ అన్నారు కదండీ" అంది. గొంతు కూడా పెంచలేదు. బేరం లేదు, డబ్బు అడగలేదు. బేసిను తనే ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఆమె మా వీధిలోకి రాలేదు. పక్క వీధిలో కేక వినపడుతుంది, మలుపు దాకా వచ్చి అటే పోతుంది. చేపలు కావాలంటే నేను రేవుకి వెళ్ళి తెచ్చుకుంటున్నాను. మీకూ తెస్తానండీ అంటే రూబీ గారు వద్దంటారు. పొద్దున్నే గిన్నె కడుక్కుని గేటు దగ్గరికి వచ్చి నిలబడతారు. కేక పక్క వీధి దాటి వినపడకుండా పోయేదాకా ఉండి, లోపలికి వెళ్ళిపోతారు.